కొత్త వైద్య పాఠ్యప్రణాళిక అంటే అధ్యాపకులకు నిజంగానే గిట్టదా?

విద్యార్థి ఏం చదివాడన్న దానికన్నా ఏం చేయగలడన్నదాన్ని చూసే సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక 2019 నుంచి ఎంబీబీఎస్‌లో అమలవుతోంది. దాన్ని మెడికల్ కాలేజీ అధ్యాపకులు మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం లేదని విన్నానని, వారికి మార్పంటేనే పడదా అని మీరు అడిగారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇరవై ఏళ్లకు పైగా ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరును చెప్పే శాస్త్రం) బోధించిన అనుభవంతో నాకు తెలిసినంత రాస్తాను. కళాశాలల పేర్లు మాత్రం రాయను.

నా సంగతితోనే మొదలుపెడతాను. వైద్యవిద్యా బోధన మీద అధ్యాపకులకు మూడు రోజుల వర్క్‌షాపు నిర్వహిస్తారు. మూడో రోజు సాయంత్రం అభిప్రాయ పత్రం చేతికిస్తారు, అది నింపి ఇచ్చాక సర్టిఫికెట్ ఇస్తారు. "సమన్విత బోధన (వేర్వేరు విభాగాల పాఠాలను కలిపి చెప్పడం) అవసరమని భావిస్తున్నారా", "చిన్న బృందాలుగా బోధించడం వల్ల ప్రయోజనం ఉందా" వంటి ప్రతి ప్రశ్నకూ "పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అన్న గడిలోనే వరుసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. మరునాడు పొద్దున డిపార్ట్‌మెంట్‌లో టీ తాగుతూ అదే పాఠ్యప్రణాళిక గురించి "ఇది అయ్యే పని కాదు" అన్నదీ నేనే. పత్రంలో పెట్టిన టిక్కు అబద్ధం కాదు, టీ దగ్గర అన్న మాటా అబద్ధం కాదు. ఆలోచన నాకు నిజంగానే నచ్చింది, దాన్ని టైంటేబుల్లో ఇమిడ్చే దారే కనబడలేదు. అందువల్ల అధ్యాపకుల వైఖరిని ఇలాంటి పత్రాలను బట్టి అంచనా కట్టేవారికి సగమే తెలుస్తుందని నా అభిప్రాయం.

రోగులతో పని లేకుండా మొదటి దశలో పాఠాలు చెప్పే మా ప్రీక్లినికల్ విభాగాల వారికి ఈ విషయంలో ఒక పాత గాయం కూడా ఉంది. 1997 నాటి నిబంధనలతో మేం బోధించే మొదటి దశ, అంటే మొదటి ఎంబీబీఎస్, పద్దెనిమిది నెలల నుంచి పన్నెండు నెలలకు తగ్గింది, సిలబస్ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. 2019లో పదమూడు నెలలు చేసినా అందులో మొదటి నెల కొత్త విద్యార్థులను వైద్యవిద్యకు సిద్ధం చేసే ఫౌండేషన్ కోర్సుకే పోయింది. పైగా మొత్తం బోధనా సమయంలో ఉపన్యాసాలు మూడో వంతుకు మించరాదన్నారు. మిగిలిన రెండు వంతులూ చిన్న బృందాలతో, ప్రాక్టికల్స్‌తో, చర్చలతో నడపాలంటే బోధించేవారు ఎక్కువమంది కావాలి. నూటికి పైచిలుకు విద్యార్థులకు ఒక లెక్చర్ హాల్లో గంటలో చెప్పే పాఠాన్ని పది బృందాలకు విడగొట్టి చెప్పాలంటే పది గంటలైనా పడుతుంది, పదిమంది మనుషులైనా కావాలి. అప్పట్లో మా విభాగంలో నిఖరంగా పనిచేస్తున్నది అయిదుగురమే. ఎంబీబీఎస్ కాకుండా ఎమ్మెస్సీ చదివి వచ్చిన అధ్యాపకుల బెంగ ఇంకో రకంగా ఉండేది. 2020 నాటి నిబంధనల్లో ఫిజియాలజీ అధ్యాపక పోస్టుల్లో వారి వాటాను ముప్పై శాతం నుంచి పదిహేను శాతానికి తగ్గించారు. ఒకవైపు ఉద్యోగ భద్రత సన్నగిల్లుతుంటే మరోవైపు కొత్త పద్ధతిలో రోగులను చూపించి పాఠం చెప్పమనడం వారికి ఎలా అనిపించి ఉంటుందో మీరే ఊహించవచ్చు.

మనుషులు లేరు, సమయం లేదు అని చెప్పడం సులభం, అందులో సిగ్గుపడవలసింది కూడా లేదు. సమావేశాల్లో ఎవరూ పైకి చెప్పని కారణం ఇంకొకటి ఉంది, అది భయం. పీజీ పూర్తయ్యాక నేను వార్డులో అడుగుపెట్టిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. నరాల సంకేతాల గురించి బోర్డు మీద గంటసేపు ధారాళంగా చెప్పగల నేను, మంచం పక్కన నిలబడి రోగితో మాట్లాడుతూ అదే పాఠం చెప్పమంటే తడబడతానని నాకు తెలుసు. పిల్లల ముందు తెల్లమొహం వేయవలసి వస్తుందన్న ఆ బెరుకును కప్పిపుచ్చుకోవడానికి "మా రోజుల్లో ఇవన్నీ లేకుండానే మేం డాక్టర్లం కాలేదా" అని దబాయించేవాళ్లం. (కప్ప ప్రయోగాలు ఎత్తివేసినప్పుడూ మా విభాగంలో ఇదే మాట వినబడింది. మసిపట్టించిన కాగితం మీద కప్ప కండరం గీసిన గీత చూడకపోతే ఫిజియాలజీ ఎలా వస్తుందని వాదించిన పెద్దాయనే రెండేళ్ల తరవాత కంప్యూటర్లో అదే గీతను ఎంతో ముచ్చటగా చూపించారు.)

నా బెరుకు కొంతైనా వదిలింది ఒక జనవరి నెలలో. మొదటి ఏడాది పిల్లలకు ఎర్లీ క్లినికల్ ఎక్స్‌పోజర్ (చదువు మొదట్లోనే రోగులను పరిచయం చేయడం) కింద ఏదో ఒకటి చూపించాలి. మెడిసిన్ విభాగంలోని మిత్రుడొకరు ఫోన్ చేసి, కొండపి వైపు నుంచి ఒకావిడ వాంతులు, కళ్లు తిరగడం, ఒళ్లంతా చెమటలతో ముందురోజు చేరిందని, ఇప్పుడు తేరుకుందని, కావాలంటే పిల్లలను తీసుకురమ్మని చెప్పారు. పన్నెండు మందిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ తెల్లవారుజామున పచ్చి పొగాకు ఆకు కోసే పనికి వెళ్లింది. ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఇంకడం వల్ల వచ్చే ఇబ్బంది అది. నరాల సంకేతాలను మోసే అసిటైల్‌కోలిన్ అన్న రసాయనం వెళ్లి అంటుకునే గ్రాహకాల్లో ఒక రకానికి నికోటినిక్ అన్న పేరు ఆ పదార్థాన్ని బట్టే వచ్చింది. అంతకు వారం ముందే బోర్డు మీద నేను చెప్పిన పాఠం అదే, విన్నవారిలో సగంమంది కునికిపాట్లు పడ్డారు.

అలా పనికి వెళ్లిన ప్రతిసారీ వస్తుందా అని ఒక అమ్మాయి అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడే, "మంచు దిగిన పొద్దునే ఎక్కువ తిప్పుద్దమ్మా, ఎండెక్కి ఆకు ఆరినాక కోస్తే అంతుండదు" అంది. నికోటిన్ నీటిలో కరుగుతుంది కాబట్టి ఆకు తడిగా ఉంటే చర్మానికి ఎక్కువ అంటుతుందని పిల్లలే వివరం చెప్పుకున్నారు. చేతులకు తొడుగులు వేసుకోకూడదా అని ఇంకొకడు అడిగితే, చేయి జారి పని సాగదని, ముఠాలో వెనకబడితే మేస్త్రి ఊరుకోడని చెప్పింది. ఏట్‌కామ్ పేరిట నైతికత గురించి, రోగితో సంభాషణ గురించి విడిగా చెప్పవలసిన పాఠంలో సగం ఆ మంచం దగ్గరే అయిపోయింది. నేను మాట్లాడింది బహుశా పది నిమిషాలు, తడబడింది రెండుసార్లు, అది ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి నేను ఈ పాఠ్యప్రణాళిక పక్షమే. అయితే తక్కిన తొమ్మిది బృందాలకు ఆవిడను చూపించలేకపోయానని కూడా చెప్పాలి. ఆవిడ మర్నాడే ఇంటికి వెళ్లిపోయింది. ఉన్నా ఒక మనిషి చేత ఒకే కథ పదిసార్లు చెప్పించడం న్యాయం కాదు. మెడిసిన్ వారికి ఓపీ నిండా జనం, వారి పీజీలకే చెప్పే తీరిక లేదు, మా పిల్లల కోసం రోగులను వెతికి పెట్టడం ఆ మిత్రుడు స్నేహం కొద్దీ చేసిన పనే. ఆయన బదిలీ అయ్యాక మరుసటి ఏడాది అలాంటి ఫోన్ రాలేదు, నేనూ వెళ్లి అడగలేదు.

ఇక మీరు వినే విసుగులో ఎక్కువ పాలు లాగ్‌బుక్కులదే. విద్యార్థి ఏ సామర్థ్యం ఏ రోజు సాధించాడో రాసి, అధ్యాపకుడు సంతకం పెట్టాలి. ఉద్దేశం మంచిదే. కాని ఇంటర్నల్ పరీక్షకు ముందురోజు సాయంత్రం నా బల్ల మీద వందకు పైగా లాగ్‌బుక్కులు దొంతరగా ఉండేవి, గడిచిపోయిన తేదీలు వేసుకుంటూ రాత్రి ఎనిమిదింటి దాకా సంతకాలు చేసేవాడిని. మా విభాగంలో సంస్కరణను అందరికన్నా గట్టిగా సమర్థించిన యువ అధ్యాపకురాలు కూడా రెండో ఏటికి నాతో సమానంగా ఆ సంతకాలు చేసేది. కొండపి ఆవిడ దగ్గర గడిపిన ఆ మధ్యాహ్నం ఆ పన్నెండు మంది పుస్తకాల్లో ఒక్కొక్క వరుసగా ఉంది. తేదీ, సామర్థ్యం సంఖ్య, నా సంతకం. దాని కిందా పైనా, అసలు జరగని తరగతులకు పెట్టిన వరుసలూ అచ్చం అలాగే ఉన్నాయి.