జీ41 బోర్డుకు 4 జీబీ ర్యామ్ పెడితే బీప్ కొడుతోందా? ముందు చిప్పులు లెక్కపెట్టు

తమ్ముడూ, చిత్తూరులో మీ నాయన వాడే 2010 నాటి కంప్యూటర్‌కి కొత్తగా 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ కొన్నావు. పెడితే స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు, బీప్ కొడుతూనే ఉంది. పాత 2 జీబీది పెడితే మామూలుగా ఆన్ అవుతోంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోమన్నారు. నిజమేనా అని అడిగావు.

పాత ర్యామ్‌తో పనిచేస్తున్న బోర్డు పోయిందంటే నేను నమ్మను. బోర్డు జీ41 అని రాశావు చూడు, సమస్య అక్కడే ఉంటుంది. జీ41 అంటే ఆ బోర్డు మీది ఇంటెల్ చిప్‌సెట్ పేరు, ప్రాసెసర్‌ను ర్యామ్‌తో కలిపేది అదే. ఇదే బాధ నేను తిరుపతిలో మా ఇంట్లో పడ్డాను.

2020లో స్కూళ్లు మూసేసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టినప్పుడు మా పాప ఏడో తరగతి. బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఉన్నది కోర్ టూ డ్యూయో ఈ7500 ప్రాసెసర్, జీ41 బోర్డు, 2 జీబీ ర్యామ్. మా నాయన రిటైరయ్యాక పెళ్లి పత్రికలు, కరపత్రాలు టైపు చేసుకునే సిస్టమ్ అది. క్లాసు మొదలైన పది నిమిషాలకు టీచరమ్మ బొమ్మ కదలకుండా నిలబడిపోయేది. పిల్లది ఏడుపు ఒక్కటే తక్కువ. ఆన్‌లైన్‌లో 4 జీబీ ర్యామ్ తెప్పించి పెట్టాను. బీప్. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ బీప్. నాకూ ఒక షాపులో నీకు చెప్పిన మాటే చెప్పారు.

ఆ సాయంత్రం నేను వరసగా చేసినవి నువ్వు కూడా ఒకసారి చేసి చూడు. కరెంటు వైరు పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో. క్యాబినెట్ ఇనుప రేకును చేత్తో తాకి, ఆ తర్వాతే ర్యామ్ పట్టుకో. ఒంట్లో ఉండే స్టాటిక్ కరెంటు చిప్పులను చంపేస్తుంది. ర్యామ్ కింద బంగారు రంగు గీతలుంటాయి కదా, వాటిని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండా తుడువు. స్లాటులోని దుమ్మును మెత్తటి బ్రష్షుతో తియ్యి. కొత్త ర్యామ్ ఒక్కదాన్నే ముందు మొదటి స్లాటులో, తర్వాత రెండో స్లాటులో పెట్టి చూడు. రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతటవే మూసుకోవాలి. నువ్వు చేత్తో మూశావంటే ర్యామ్ పూర్తిగా దిగనట్టే. ఆఖరుగా, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టు, బయోస్ (ఆన్ చెయ్యగానే బోర్డు ముందుగా నడిపే ప్రోగ్రాము) సెట్టింగులు మొదటికొస్తాయి.

ఇవన్నీ చేసినా నాది లేవలేదు. రాత్రి పదిన్నరకు పాత ర్యామ్‌ను, కొత్తదాన్ని టేబుల్ లైటు కింద పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే తేడా కంటపడింది. పాత 2 జీబీ దానికి ఆ వైపు ఎనిమిది, ఈ వైపు ఎనిమిది, మొత్తం 16 నల్ల చిప్పులు. కొత్తదానికి ఒకవైపే ఎనిమిది. వెనక్కి తిప్పితే ఖాళీ ఆకుపచ్చ రేకు.

కిటుకంతా ఇక్కడే ఉంది. 4 జీబీని ఎనిమిది చిప్పులకు పంచితే ఒక్కో చిప్పుకు 512 ఎంబీ. అదే 16 చిప్పులకు పంచితే 256 ఎంబీ. జీ41 చిప్‌సెట్ తయారైన కాలానికి 256 ఎంబీ, అంటే 2 గిగాబిట్ (ఎనిమిది బిట్లు ఒక బైటు) చిప్పే పెద్దది. అంతకంటే పెద్ద చిప్పును అది సరిగ్గా గుర్తుపట్టదు. అందుకే ర్యామ్ మంచిదే, బోర్డూ మంచిదే, రెండింటికీ పొసగదు. తర్వాత వచ్చిన హెచ్61 బోర్డులో ఇదే ఎనిమిది చిప్పుల ర్యామ్ చక్కగా పనిచేస్తుంది. అమ్మేవాళ్లు డీడీఆర్3, 4 జీబీ అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు, చిప్పుల సంగతి చెప్పరు. నాకు కోపం వచ్చేది దీనికే. ఒక్క లైను రాస్తే ఎంతమంది బోర్డులు చెత్తలోకి పోకుండా మిగులుతాయి!

కాబట్టి ఆ ర్యామ్ వాపసు చేసి, 16 చిప్పుల 4 జీబీ డీడీఆర్3 కావాలని అడుగు. స్పీడు 1333 అని ఉన్నా, 1600 అని ఉన్నా టెన్షన్ పడొద్దు, బోర్డు తనకు చేతనైన స్పీడుకే దాన్ని నడుపుతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. బాగా చవగ్గా దొరికే కొన్నింటి మీద ఏఎండీ బోర్డులకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వాటికీ 16 చిప్పులే ఉంటాయి, కానీ నీ ఇంటెల్ బోర్డుకు పనికిరావు.

నాకు కొత్తవి దొరకలేదు. మూసేసిన నెట్ సెంటర్ల సిస్టమ్‌లు కొని అమ్మే ఒకాయన దగ్గర, అట్టపెట్టె నిండా ఉన్న పాత ర్యాముల్లో ఒక్కోటి తిప్పి చూసి రెండు ఏరుకున్నాను. నా సిస్టమ్‌ను కూడా ఆటోలో వెంట తీసుకెళ్లి అక్కడే పెట్టి చూశాను. నువ్వూ అలాగే చెయ్యి. చిత్తూరులో దొరక్కపోతే మద్రాసు రిచీ స్ట్రీట్‌లో వెతుకు, కానీ అంతదూరం పోయేముందు ఫోన్ చేసి చిప్పుల లెక్క కనుక్కో.

ఇంకో మాట. రెండూ పెట్టి 8 జీబీ చేశాక నా విండోస్ వాడుకోగలిగింది 3 జీబీ పైచిలుకే అని చూపించింది. మళ్లీ గుండె జారింది. అది 32 బిట్ విండోస్ కావడం వల్ల, ర్యామ్ తప్పేం లేదు. 64 బిట్ వేస్తే మొత్తం వాడుకుంటుంది. కానీ మీ నాయన పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడుతుంటే తొందరపడొద్దు. 16 బిట్ కాలపు ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు. నేను మా నాయన హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండా, వేరే డిస్క్ మీద 64 బిట్ వేశాను. పాపకు ఒకటి, ఆయనకు ఒకటి.

పాత ర్యామ్ కొన్నావంటే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రాము వేసి, దాంతో సిస్టమ్ ఆన్ చేసి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున చూసేసరికి ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ ర్యామ్ వెనక్కి ఇచ్చెయ్యి.

ఈలోగా ఇప్పుడు నీ దగ్గరున్న ర్యామ్‌ను రెండు వైపులా ఫోటో తీసి పెట్టు. చూసి చెప్తాను.