గుర్రపుడెక్క మళ్ళీ ఎందుకు కమ్ముకుంటుంది?

ప్రశ్న: మా ఊరి చెరువులో గుర్రపుడెక్కను కూలీలతో చాలావరకు తీయించాము. రెండు నెలలు తిరగకముందే మళ్ళీ నిండిపోయింది. కారణమేమిటి? – ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మీ అనుభవంలో చిన్న లెక్క దాగి ఉంది. ఎండ, పోషకాలు అనుకూలిస్తే ఈ మొక్కల సంఖ్య సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది కనుక, ఎనిమిదో వంతు మిగిల్చినా ఆరు వారాల్లో చెరువు యథాస్థితికి వస్తుంది. ఒక మొక్కను పైకి లాగి చూడండి. కాడ ద్వారా తల్లికి అంటుకున్న పిల్లమొక్కలు వెంట వస్తాయి. చెరువు నిండా ఉన్నప్పుడు చోటు చాలక పెరుగుదల మందగిస్తుంది. మీరు తీయించడంతో ఆ అడ్డు తొలగి, మిగిలినవి జోరందుకున్నాయి. బురదలోని విత్తనాలు సంవత్సరాల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయి.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడ దీన్ని తినే పురుగులు మన చెరువులకు దీనితోపాటు రాలేదు. అందుకే 1980ల్లో అక్కడి ముక్కుపురుగులను మన దేశానికి తెప్పించి వదిలారు. అయితే అవి నెమ్మదిగా పనిచేస్తాయి. మురుగునీరు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు చెరువులో చేరుతున్నంతకాలం తీయించే ఖర్చు ఏటా తప్పదని నా అభిప్రాయం. ఈసారి తీయించినప్పుడు ఒడ్డున కుప్ప పోయకుండా, నీటికి దూరంగా తరలించి కంపోస్టు చేయించండి.