చీముగడ్డ అంటే గర్భసంచి తీసేయాల్సిందేనా?

మీ చెల్లెలికి 29 ఏళ్లు, జ్వరం, పొత్తికడుపులో నొప్పి, స్కానింగ్‌లో గర్భసంచి పక్కనుండే ట్యూబు, అండాశయం కలిసిన చోట 6 సెంటీమీటర్ల చీముగడ్డ. ఇంట్లో వాళ్లేమో "పీడా పోతుంది, గర్భసంచి తీయించేద్దాం" అంటున్నారని రాశారు. ఆ మాట డాక్టరు అన్నారా, ఇంట్లో వాళ్లే అంటున్నారా? మా ఆడపడుచుకి ఇక్కడే వైజాగ్‌లో ఇదే జబ్బు చేస్తే ఆస్పత్రిలో తోడున్నది నేనే.

గడ్డ పగలకపోతే ముందు నరానికి యాంటీబయాటిక్స్ ఎక్కించి 48 నుంచి 72 గంటలు చూస్తారు. చాలామందికి దాంతోనే తగ్గుతుంది. 7, 8 సెంటీమీటర్లు దాటిన గడ్డలు మందులకి లొంగడం తక్కువ. మా ఆడపడుచుకి మందు పడుతున్నా సాయంత్రమయ్యేసరికి ఒకటే వణుకు, దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడేవి. స్కాన్‌లో చూస్తూ సూదితో చీము లాగేద్దామంటే పేగు అడ్డొచ్చింది. ఇక ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న కోతలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్, చేశారు. లోపల పేగులు, ట్యూబు అన్నీ అతుక్కుపోయాయట. చీము తీసి కడిగి, కుళ్లిపోయిన కుడి ట్యూబు ఒక్కటే తీశారు. పొట్ట పక్కన పెట్టిన పైపులోంచి మొదట చిక్కగా పసుపురంగులో వచ్చేది, తర్వాత పల్చబడింది. సిస్టర్ పూటపూటా ఎన్ని ఎంఎల్ వచ్చిందో రాసుకునేది. గర్భసంచి, అండాశయాలు అలాగే ఉన్నాయి.

అందుకని సంతకం పెట్టేముందు "ఏం తీస్తారు, ఏం ఉంచుతారు, పిల్లలు కావాలనుకుంటే ఎలా" అని సూటిగా అడగండి. చీముని కల్చర్‌కీ (ఏ క్రిమో తేల్చే పరీక్ష), టీబీ పరీక్షకీ పంపమని కూడా అడగండి. మన దగ్గర ట్యూబుల్లో టీబీ అరుదేం కాదు, దాని మందులే వేరు. ఖర్చు సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం గురించి సాయం చేసే మనిషి) ఉంటే కనుక్కోండి.

ఒకటి మాత్రం ఆగేది కాదు. నొప్పి ఉన్నట్టుండి కడుపంతా పాకి, పొట్ట చెక్కలా గట్టిపడి, కళ్లు తిరుగుతుంటే గడ్డ పగిలిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆపరేషన్ ప్రాణం కోసం. గాజువాక నుంచి కేజీహెచ్‌కి (వైజాగ్ పెద్ద ప్రభుత్వాస్పత్రి) అర్ధరాత్రయినా సరే, 108కి ఫోన్ చేసి బయల్దేరండి.

తగ్గాక కూడా ట్యూబులో గర్భం నిలిచే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. నెల తప్పితే మొదట్లోనే స్కాన్ తీయించాలి. సుఖవ్యాధి వల్ల వచ్చిందని తేలితే మీ చెల్లెలి భర్తకీ మందులు వాడాలి. ఆ మాట అత్తగారింట్లో ఎవరూ ఎత్తరు, డాక్టరు చేతే చెప్పించండి.