లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఎందుకు ఉంటుంది?

లీటరు వంటనూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి అలా రాస్తారు. లీటరు చెప్పేది పదార్థం ఎంత చోటు ఆక్రమిస్తుందో, కిలో చెప్పేది దాని బరువు. లీటరుకు కిలో అన్న లెక్క నీళ్లకు సరిపోతుంది. నూనె సాంద్రత నీళ్లకన్నా తక్కువ, అందుకే అది నీటి మీద తేలుతుంది. అదే పాలైతే లీటరుకు దాదాపు 1,030 గ్రాములు, తేనె అయితే సుమారు 1,400 గ్రాములు తూగుతాయి.

ఈ తేడా ధర పోల్చేటప్పుడే అసలు ముఖ్యం. లీటరు ప్యాకెట్ 150 రూపాయలనుకుందాం. అంటే కిలో సుమారు 165 రూపాయలు పడినట్టు. పక్కనే 15 కిలోల డబ్బా ఉంటే అందులో దాదాపు 16.5 లీటర్ల నూనె ఉంటుంది. డబ్బా ధరను 15తో భాగించి, వచ్చినదాన్ని 165తో పోల్చాలి, 150తో కాదు. చాలామంది ఇక్కడే నష్టపోతారు.

మిగతా 90 గ్రాములు కంపెనీ కొట్టేసిందని అనుకోవడం పొరపాటు. నూనె జిడ్డుగా, చిక్కగా ఉంటుంది కాబట్టి నీళ్లకన్నా బరువని అనుకోవడమూ అంతే. చిక్కదనం అది ఎంత నెమ్మదిగా జారుతుందో మాత్రమే చెబుతుంది, బరువుతో దానికి సంబంధం లేదు.