రుచిని చూస్తామా?

సందేహం: మా మనవడు నోటుపుస్తకంలో ‘పాయసం రుచి చూశాను’ అని రాస్తే, ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టేసి ‘రుచి తెలుసుకున్నాను’ అని దిద్దారు. చూసేది కన్ను కదా, నాలుక పనికి ఆ మాట తప్పంటారు. ‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అన్నందుకు నాలుకనూ ముక్కునూ కూడా కంటికి అప్పగించామా?

సమాధానం: మీ మనవడు రాసినది నూటికి నూరుపాళ్లు సరైన తెలుగు. కొట్టివేత చూసి మనసు నొచ్చుకుంది.

చూచు అనే క్రియకు కంటితో గ్రహించడం ఒక అర్థం మాత్రమే. పరీక్షించి తేల్చుకోవడం మరో అర్థం, వాడుకలో అదీ అంతే బలమైనది. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూస్తారు. పగులు ఉందో లేదో చెప్పేది అక్కడ చెవి. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి చూస్తారు. వైద్యుడు నాడి చూస్తాడు, బట్ట కొనేవారు వేళ్ల మధ్య నలిపి నాణ్యం చూస్తారు, ఇవి స్పర్శ పనులు. ‘పులుసులో ఉప్పు చూడమ్మా’ అంటే గిన్నెలోకి తొంగిచూసే తెలుగు పిల్ల ఉంటుందా? అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకు తాకిస్తుంది. తమిళ, కన్నడాల్లోనూ రుచిని ‘చూడటమే’ ఉంది.

రుచి అన్న మాట సంగతి ఇంకా ముచ్చటైనది. సంస్కృతంలో ‘రుచ్’ ధాతువుకు ప్రకాశించడం అని అర్థం. అమరకోశం రుచిని ప్రభ, ద్యుతి, దీప్తి వంటి కాంతివాచకాల వరుసలో చెప్పింది. రుచిరం అంటే అందమైనది అనడం అందువల్లే. కాబట్టి ‘రుచి చూడు’లో రుచి కూడా ఒకప్పుడు కంటికి తగిన మాటే.

వాసనకు మన నిఘంటువుల్లో మూచూచు, మూర్కొను అనే చక్కని క్రియలున్నాయి. మొదటిదాని చివర ఉన్న ‘చూచు’ను గమనించండి. ఈ రెండూ వాడుకలోంచి జారిపోయాయి, నాకు అదే బాధ. ఒకప్పుడు పరిమళాన్ని కూడా చెప్పిన ‘కంపు’ దుర్వాసనకే మిగిలింది. ‘వాసన వస్తోంది’ అంటే ఇప్పుడు చాలామంది ముక్కు మూసుకుంటారు. అయితే మాడు, కమురు, నీచు, పచ్చివాసన అంటూ వంటింటి తెలుగు ముక్కుకు ఇచ్చిన మాటలు తక్కువేమీ కావు.

ఇక కంటి పెత్తనం మాట. ‘ధర కనుక్కుని రా’ అంటాం. కనుక్కోవడంలో ఉన్నది చూడటమనే అర్థమున్న ‘కను’ ధాతువే, కాని ఆ పని జరిగేది నోటితో అడిగి, చెవితో విని. అంటే కంటి మాటను తక్కిన ఇంద్రియాలన్నీ పంచుకున్నాయి. చెవి మాత్రం కొంత పట్టుదలగలది: ‘ఈ పాట విని చూడు’ అంటాం గాని, రుచి చూసినట్టు ‘రాగం చూడు’ అనం. వినడాన్ని అది వదులుకోలేదు.

‘రుచి తెలుసుకున్నాను’ వ్యాకరణానికి తప్పు కాదు. కాని పాయసం తిన్న పిల్లవాడు అలా అనడు. అతని వాక్యాన్ని అతనికి తిరిగి ఇప్పించండి.