వేవ్‌లెట్ల మీద రాస్తున్న యువ రచయితకు

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

పైటార్చ్ అనే డీప్ లెర్నింగ్ లైబ్రరీతో ఫాస్ట్ వేవ్‌లెట్ ట్రాన్స్‌ఫామ్ (సిగ్నల్‌ను మెట్టుమెట్టుగా సగటులుగా, తేడాలుగా విడదీయడం) చేయడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. డోబెషీ 1988లో ప్రచురించిన వేవ్‌లెట్లనూ (చిన్న అలల్లాంటి ఆకారాలు), వాటితో వేగంగా లెక్కించే మల్లా 1989 నాటి పద్ధతినీ సరిగానే పరిచయం చేశావు గానీ, సగం వ్యాసం గడిచినా ఒక్క లెక్కా కనబడలేదు. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ దీన్ని తెరిచే కుర్రాడు అంత ఓపిక పట్టడు.

లెక్కతోనే మొదలుపెట్టు. మే నెలలో ఒక రోజు పదకొండింటి నుంచి గంటగంటకూ మన ఊళ్లో ఉష్ణోగ్రత 34, 36, 40, 38, 31, 29, 28, 28 డిగ్రీలు అనుకో. అన్నిటికన్నా సరళమైన హార్ వేవ్‌లెట్ పద్ధతిలో జతల సగటులు 35, 39, 30, 28. తేడాల్లో సగాలు -1, 1, 1, 0. ఆ సగటుల మీదే మళ్లీ అదే పని చేస్తే 37, 29 సగటులూ -2, 1 సగం తేడాలూ వస్తాయి; ఇంకోసారి చేస్తే 33, 4. మధ్యాహ్నం మూడింటికి వాన పడి ఊరు చల్లబడ్డ సంగతి ఆ 4లోనే ఉంది. మెట్టుమెట్టుకూ పని సగమవుతుంది కాబట్టి మొత్తం శ్రమ డేటా పొడవుకు అనులోమంగానే పెరుగుతుందని ఇక్కడ చెబితే సూత్రం రాయకుండానే అర్థమవుతుంది. లైబ్రరీలు సగానికి బదులు 0.7071తో గుణిస్తాయన్నది ఒక్క వాక్యంలో సరిపెట్టు.

ఈ మెట్టే పైటార్చ్‌లో స్ట్రైడ్ 2 ఉన్న కన్వల్యూషన్, అంటే ఫిల్టర్ అనే కొద్ది అంకెల వరుసను రెండేసి స్థానాలు జరుపుతూ గుణించి కూడడం. నువ్వు వదిలేసిన ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది: డీప్ లెర్నింగ్ లైబ్రరీలు కన్వల్యూషన్ అని పిలిచేది ఫిల్టర్ వరుసను వెనక నుంచి ముందుకు తిప్పదు, కనుక మనమే తిప్పి ఇవ్వాలి. డోబెషీ నాలుగు గుణకాల ఫిల్టర్ 0.4830, 0.8365, 0.2241, -0.1294 వంటివాటిలో, తిప్పకపోతే ఫలితాలే మారిపోతాయి. చిక్కేమిటంటే, సగటుల, తేడాల ఫిల్టర్లు రెండింటినీ తిప్పకుండా వదిలేసినా, అవే ఫిల్టర్లతో ట్రాన్స్‌పోజ్ కన్వల్యూషన్ (అదే మెట్టును వెనక్కి నడపడం) చేస్తే, సిగ్నల్ చివరను మొదటితో చుట్టి కలిపినప్పుడు అసలు సిగ్నల్ చక్కగా తిరిగొస్తుంది. అందుకే "తిరిగొచ్చింది, సరిపోయింది" అని నువ్వు చూపిన పరీక్ష చాలదు, వచ్చిన ఫలితాలను పైవేవ్‌లెట్స్ అనే పైథాన్ లైబ్రరీ ఇచ్చినవాటితో అదే అంచు పద్ధతిలో పోల్చి చూపించాలి.

ఎనిమిది అంకెలకు ఇంత లైబ్రరీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వేల సిగ్నళ్లు ఒకేసారి జీపీయూ మీద నడపడానికీ, ఫిల్టర్ గుణకాలకు గ్రేడియెంట్ (గుణకం కాస్త మారితే ఫలితం ఎంత మారుతుందన్నది) లెక్కించి వాటినే నేర్పించడానికీ అని రాయి. అంచుల దగ్గర సున్నాలు పెట్టావా, ప్రతిబింబించావా అన్నదీ తప్పక చెప్పు; కొత్త ప్రతి పంపేటప్పుడు ఆ పోలిక పట్టిక కూడా జతచేయి.

శుభాకాంక్షలతో