ఎస్‌ఏపీ బేసిస్‌లో (కంపెనీల ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ నడిచే సిస్టమ్స్‌ను చూసుకునే పని) కొత్తగా చేరాను. ఇన్ని రకాల టెక్నికల్ సిస్టమ్స్‌ను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రోగ్రాములు నడిపే ఏబాప్, జావా సిస్టమ్స్, డేటాబేస్ అయిన హానా, వెబ్ రిక్వెస్టులను పంచే వెబ్ డిస్పాచర్ అని బట్టీ పడితే ఇంటర్వ్యూ గట్టెక్కుతుందేమో గానీ ఉద్యోగం గట్టెక్కదు. ఏ సిస్టమ్ కనబడినా "ఇది ఆగితే ఎవరి పని ఆగుతుంది?" అని అడగండి. నేను పని నేర్చుకున్నది అలాగే.

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీకి సపోర్ట్ చేసేవాణ్ణి. మార్చి నెల, యార్డులో సీజన్ ఊపు మీదుంది. పొద్దున్నే డిస్పాచ్ నుంచి ఫోన్. "సార్, బిల్లు సేవ్ అవుతోంది, ప్రింట్ రావట్లేదు. లారీలు గేటు దగ్గరే ఆగిపోయాయి." గోడౌన్ ఘాటుకు మాట మాటకీ తుమ్ముతున్నాడాయన. అందరూ ఏబాప్ మీద పడ్డారు. ఎస్‌ఎం50 స్క్రీన్‌లో చూస్తే, యూజర్ల పనులు చేసిపెట్టే వర్క్ ప్రాసెస్‌లు ఖాళీగా ఉన్నాయి, హానా నిక్షేపంగా ఉంది. ప్రింటర్ కూడా మార్చి చూశారు. ఈలోగా మేనేజర్ గారు కాల్ పెట్టి ఐదు నిమిషాలకోసారి "స్టేటస్ ఏంటి?" ఆ కాల్స్ లేకపోతే సగం సమస్యలు సగం టైమ్‌లో తీరతాయి, రాసిస్తాను.

పీడీఎఫ్ తయారీని పరీక్షించే ఎఫ్‌పీ_టెస్ట్_00 ప్రోగ్రామ్ రన్ చేశాను. పీడీఎఫ్ రాలేదు. అక్కడ బిల్లును పీడీఎఫ్ చేసి ఇచ్చేది అడోబ్ డాక్యుమెంట్ సర్వీసెస్ (ఏడీఎస్). అది నడిచేది విడిగా ఉన్న ఒక జావా సిస్టమ్‌లో. రాత్రి ప్యాచింగ్ కోసం సర్వర్లు రీస్టార్ట్ చేశారు. ఏబాప్ దానంతటదే లేచింది. జావా ప్రొఫైల్‌లో (సెట్టింగుల ఫైలు) ఆటోస్టార్ట్ పెట్టలేదు, దాన్ని లేపిన నాథుడూ లేడు. స్టార్ట్ చేస్తే తీరిగ్గా లేచింది, బిల్లులు వచ్చాయి, లారీలు కదిలాయి.

కంపెనీ సిస్టమ్స్ అన్నీ రాసుకునే ల్యాండ్‌స్కేప్ ఎక్సెల్ షీటులో ఆ జావా సిస్టమ్ ఊసే లేదు. యూజర్లెవరూ లాగిన్ కారు కాబట్టి ఎవరికీ గుర్తు లేదు. సిస్టమ్స్ తమ వివరాలను ఎస్‌ఎల్‌డీ అనే సిస్టమ్స్ జాబితాకు పంపితే, ఎస్‌ఏపీ పర్యవేక్షణ టూల్ అయిన సొల్యూషన్ మేనేజర్‌లోని ఎల్‌ఎండీబీ అనే డేటాబేస్‌లోకి చేరతాయి. అంత ఏర్పాటున్నా మనవాళ్లకు ఎక్సెల్ మీదే మమకారం.

పాత చోట్ల డ్యూయల్ స్టాక్ కూడా తగులుతుంది. ఒకే ఎస్‌ఐడీ (సిస్టమ్‌కు పెట్టే మూడక్షరాల పేరు) కింద ఏబాప్, జావాల ఉమ్మడి కాపురం. ఏబాప్, జావాలకు పునాది అయిన నెట్‌వీవర్ 7.5 వెర్షన్ నుంచి దానికి సపోర్ట్ లేదు. ఇంకో మాట, డెవలప్‌మెంట్, క్వాలిటీ, ప్రొడక్షన్ అనేవి సిస్టమ్ రకాలని కోచింగ్ సెంటర్ల నోట్స్‌లో రాసేస్తారు. అవి పాత్రలు. ఒకే రకం సిస్టమ్ మూడు పాత్రల్లోనూ ఉంటుంది.

రేపు ఆఫీసుకెళ్లగానే వేరే సిస్టమ్స్‌కు కనెక్షన్లు ఉండే ఎస్‌ఎం59 స్క్రీన్‌లో ఏడీఎస్ అనే డెస్టినేషన్ తెరవండి. అందులో కనిపించే హోస్ట్ (సర్వర్ పేరు) మీ టీమ్ లిస్టులో ఉందో లేదో చూడండి.